చెట్టెక్కిన కంగారూకు పోయిన బొటనవేలు తిరిగి రాలేదు

కంగారూ, కోలా లాంటి సంచి జంతువుల్లో చెట్ల మీద బతికే వాటికీ, నేల మీద బతికే వాటికీ వేర్వేరు శరీరాలు ఎలా ఏర్పడ్డాయని మీరు అడిగారు. పరిసరాలకు తగ్గట్టు మారాయనే జవాబు సగమే నిజం. పూర్వీకుల నుంచి ఏ శరీరం దక్కిందన్నదే అసలు సంగతి అని నా గట్టి అభిప్రాయం.

కంగారూల పూర్వీకులు చెట్లెక్కే చిన్న జంతువులు. కొమ్మను పట్టుకునేందుకు వాటి వెనుక పాదంలో బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా ఉండేది. నేల మీద గెంతే జీవితానికి మళ్లాక, తరతరాలుగా పాదం పొడవుగా, సన్నగా మారి ఆ వేలు మాయమైంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వర్షారణ్యాల్లో ఉండే కస్తూరి ఎలుక కంగారూ అనే చిన్న జంతువుకు మాత్రం ఆ వేలు నేటికీ మిగిలి ఉంది. ఆ తర్వాత రాతి వాలబీలనే చిన్న కంగారూల దగ్గరి బంధువులు కొన్ని న్యూగినీ, క్వీన్స్‌లాండ్ అడవుల్లో తిరిగి చెట్లెక్కాయి. వాటి పాదం పొట్టిగా, వెడల్పుగా అయింది, ముందుకాళ్లు బలపడ్డాయి, గోళ్లు వంపు తిరిగాయి, కానీ పోయిన బొటనవేలు మాత్రం తిరిగి రాలేదు. సంచి జంతువుల పూర్వీకులు చెట్లవాసులేనని బెల్జియం శాస్త్రవేత్త లూయీ డొల్లో 1899లో వాదించింది ఇలాంటి పాదాలను చూసే.

బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆవరణలో ఒక రాత్రి మిత్రుడొకరు ఎర్రకాగితం చుట్టిన టార్చి వెలుగులో దేవాంగపిల్లిని, అంటే రాత్రిపూట తిరిగే చిన్న లోరిస్‌ను, చూపించారు. అది సంచి జంతువు కాదు, అయినా ఈ విషయం నాకు కళ్లకు కట్టింది అక్కడే. ఆ జీవి దూకలేదు. వెనుక కాళ్లతో ఒక కొమ్మను గట్టిగా పట్టుకుని, ఒళ్లంతా సాచి, ఎదుటి చెట్టు రెమ్మ చేతికి చిక్కేదాకా నిదానంగా వెతికింది. దాని చూపుడువేలు బాగా చిన్నది కావడంతో బొటనవేలికీ మిగిలిన వేళ్లకూ మధ్య పట్టు వెడల్పవుతుంది. కోలా ముందుపాదంలోనైతే మొదటి రెండు వేళ్లు మిగిలిన మూడింటికి ఎదురుగా తిరిగి ఉంటాయి. పని ఒక్కటే అయినా, వారసత్వం వేరు కాబట్టి చేతులూ వేరయ్యాయి. మా వీధిలో కరెంటు తీగల పేరుతో కొమ్మలను మొదలంటా నరికేసేవారు ఈ దృశ్యం ఒక్కసారి చూడాలి. దూకలేని ప్రాణికి చెట్ల మధ్య ఖాళీ వస్తే దారే ఉండదు.

గెంతాల్సి వచ్చింది కాబట్టి కాళ్లు పెరిగాయని పిల్లలకు ఇప్పటికీ నేర్పడం నాకు బాధ కలిగిస్తుంది. అవసరం అవయవాన్ని పుట్టించేదైతే కోలా సంచి మూతి పైకే తెరుచుకునేది. దాని దగ్గరి బంధువైన వాంబాట్ నేల తవ్వే జంతువు. సంచి మూతి వెనక్కు ఉండటంతో లోపలికి మట్టి పడదు. చెట్టు మీద నిటారుగా కూర్చునే కోలా సంచి కూడా కిందివైపుకే తెరుచుకుంటుంది, పిల్ల జారిపోకుండా మూతి చుట్టూ ఉన్న కండరం దాన్ని బిగించి ఉంచుతుంది.