ఇందిరమ్మ ఇల్లు సరే, బేస్‌మెంట్ డబ్బు ఎక్కడిది?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. టౌనులో 5,000 అద్దెకు ఉంటున్నాం. ఆయన ఆటో నడుపుతారు, నేను బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 25,000 వస్తుంది, అద్దెతో సహా 20,000 ఖర్చు. బ్యాంకులో 1.6 లక్షలున్నాయి. ఊళ్లో మా జాగాలో ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. మా చెల్లెలికి మాత్రం డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ వచ్చింది, చేతి నుంచి ఏమీ పడలేదు. మేమూ దానికోసం ఆగాలా? లేక తెలిసినవాళ్ల దగ్గర 3 రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చి ఇల్లు కాస్త పెద్దగా కట్టుకోవాలా?

జవాబు: 3 లక్షలకు వడ్డీయే నెలకు 9,000. అద్దె 5,000 తప్పించుకోవడానికి 9,000 కడతారా? ఇల్లు పూర్తయ్యేదాకా ఆ అద్దె కూడా తప్పదు. మీకు నెలకు మిగిలేది 5,000, అసలు ఎక్కడి నుంచి తీరుస్తారు? ఇదే తప్పు చాలామంది చేస్తున్నారు కాబట్టే మీ ప్రశ్న తీసుకున్నాను.

సర్కారు 5 లక్షలిస్తుంది నిజమే, కానీ ముందుగా కాదు. పని అయ్యాక, దాని ఫొటోలు ఆన్‌లైన్‌లో ఎక్కాక, నాలుగు విడతల్లో వస్తుంది. మొదటి లక్ష రావాలంటే బేస్‌మెంట్ మీ డబ్బుతో లేవాలి. మీ చెల్లెలి ఫ్లాట్‌కూ మీ మంజూరుకూ అసలు తేడా ఇదే. ఆమెకు తాళం చేతికొచ్చింది, మీకు పని అయ్యాక బిల్లు, అంటే విడత డబ్బు, వస్తుంది. బిల్లు ఆలస్యమైన వారాల్లోనే సిమెంటు కొట్టు అప్పు, ఆ తర్వాత ఫైనాన్స్ మొదలవుతాయి.

అలాగని ఫ్లాట్ కోసం ఆగకండి. ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినా అమ్మడానికీ అద్దెకివ్వడానికీ వీల్లేదు. లిఫ్టు, మోటారు, వాచ్‌మన్ ఖర్చులుంటాయి. కాలనీ ఊరికి దూరమైతే మీ కుట్టుపని గిరాకీలు చెదిరిపోతాయి. చేతిలో ఉన్న మంజూరు వదలొద్దు.

ఇక నేను ఎప్పుడూ చెప్పేదే, విసుగనుకోకండి. 1.6 లక్షల్లో 60,000 ముందు పక్కన పెట్టండి. అది మీ మూడు నెలల ఖర్చు. స్లాబు ఆగిపోయినా సరే, దాన్ని ముట్టొద్దు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. అది 10 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు చూస్తుంది గానీ, మీ ఆయన నెల రోజులు మంచంలో ఉంటే ఆటో కిరాయి సంపాదించి పెట్టదు. ఇంటి పని నడుస్తున్నప్పుడు ఇలాంటిది వస్తే ఇలా పక్కన పెట్టిన డబ్బు లేనివాళ్లు తెల్లారేసరికి వడ్డీ వ్యాపారి గుమ్మంలో ఉంటారు.

మిగిలిన లక్షతో బేస్‌మెంట్ వేయండి. ఇల్లు 400 చదరపు అడుగులకే ప్లాన్ చేసుకోండి, అది పథకంలో కనీస కొలత. 600 దాటితే బిల్లే ఆగిపోవచ్చు. 'కాస్త పెద్దగా' అనే కోరిక ఇప్పటికి మానుకోండి. బిల్లు వచ్చాకే తర్వాతి పని. పని ఆపితే మేస్త్రీ సణుగుతాడు, సణగనివ్వండి. కానీ ఎక్కువ కాలం ఆపితే ఇబ్బంది రావచ్చు, గడువు సంగతి హౌసింగ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) ముందే అడగండి.

ఇంకా తక్కువ పడితే మీ మహిళా సంఘంలో అడగండి. బ్యాంకులో బంగారు రుణం ఆఖరి మార్గం.

మీ ఆయన బ్యాంకు ఖాతా మీద ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాద బీమా) ఈ వారమే తీసుకోండి. ఆ 3 లక్షలిస్తానన్నాయనకు మాత్రం ఈ రోజే వద్దని చెప్పేయండి.