సంఘ సేవలో ఉన్నవారు విశ్రాంతి కోరుకోవడం తప్పా?

ఉద్యోగం చేస్తూనే సండే స్కూలు, పాటల బృందం, శుక్రవారపు ఉపవాస ప్రార్థన ఒక్కరే చూసుకుంటున్నానని, ఆదివారం మధ్యాహ్నం గంటసేపు నడుము వాల్చినా దేవుని పనిని నిర్లక్ష్యం చేసినట్టు మనసు పొడుస్తోందని మీరు రాశారు. విశ్రాంతి కోరుకోవడం విశ్వాసంలో బలహీనతా అని అడిగారు. కాదని నిస్సందేహంగా చెప్పగలను. అయితే ఆ మాట నేను చాలా ఆలస్యంగా, దెబ్బ తిని నేర్చుకున్నాను.

నేను గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని, పదకొండేళ్లుగా మా సంఘానికి కార్యదర్శిని. కొన్నేళ్ల క్రితం రాత్రంతా జరిగిన ప్రార్థన ముగించుకుని తెల్లవారుజామున బండి మీద ఇంటికి వస్తూ, కునుకు పట్టి కాలువ గట్టున పడ్డాను. కాలు విరిగి ఆరు వారాలు మంచం మీద ఉండవలసి వచ్చింది. ఆ ఆరు వారాల్లో సండే స్కూలు ఆగలేదు, గృహ కూడికలూ ఆగలేదు. అందుకు సంతోషించవలసింది పోయి మొదట నొచ్చుకున్నాను. నేను లేకపోతే దేవుని పని కుంటుపడుతుందని లోలోపల ఎంతగా నమ్మి ఉన్నానో అప్పుడు బయటపడింది.

ఆ రోజుల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయాన్ని మళ్లీ మళ్లీ చదివాను. కర్మెలు పర్వతం మీద బయలు ప్రవక్తలపై అంత గొప్ప విజయం చూసిన ఏలీయా ప్రవక్త, రాణి యెజెబెలు బెదిరింపుకు అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని, తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి వేడుకున్నాడు. అక్కడ గద్దింపు లేదు, ఇంకా ప్రార్థించమన్న ఆజ్ఞా లేదు. ఆయన నిద్రపోయాడు, దూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన అప్పాన్ని, నీళ్లను చూపాడు, తిని, తాగి, ఆయన మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపినప్పుడు దూత చెప్పిన కారణం, ముందున్న ప్రయాణం ఆయన శక్తికి మించినదని మాత్రమే. నలభై రోజులు నడిచి దేవుని పర్వతమైన హోరేబు చేరాకే, ఇక్కడ నీకేమి పని అని దేవుడు ఆయనను ప్రశ్నించాడు. సొమ్మసిల్లిన సేవకుణ్ణి దేవుడు ముందు నిద్రపుచ్చి, తినిపించి, ఆ తరవాతే లెక్క అడిగాడన్నది నాకు ఇప్పటికీ పెద్ద ఆదరణ.

ప్రభువైన యేసు కూడా తుఫాను వేళ దోనెలో (పడవలో) తలగడ మీద నిద్రపోయాడు. వచ్చేపోయే జనంతో భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను ఏకాంత స్థలానికి వచ్చి అలసట తీర్చుకోమన్నాడు. ఆ రోజు వారికి అనుకున్న విశ్రాంతి దొరకలేదన్నది కూడా నిజమే, ఎందుకంటే జనం వారికంటే ముందే అక్కడికి చేరుకున్నారు. కనుక ఎవరైనా కష్టంలో తలుపు తడితే లేవవలసిందే, కానీ ఎప్పుడూ లేచే ఉండమని మాత్రం ఎవరూ ఆజ్ఞాపించలేదు.

నేను పొరపాటు పడిన చోటు ఇంకొకటి ఉంది. కాలు బాగయ్యాక ఆదివారం మధ్యాహ్నాన్ని విశ్రాంతికి కేటాయించుకున్నాను. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ చదువుతూ ఆగింది. నీవు, నీ కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, నీ ఇంట ఉన్న పరదేశి కూడా విశ్రమించాలని ఉంది కదా, "మరి ఇందులో అమ్మ లేదేం నాన్నా?" అని అడిగింది. "నీవు" అన్న పిలుపులో భార్యాభర్తలిద్దరూ ఉన్నారని, అందుకే వేరుగా చెప్పలేదని వ్యాఖ్యాతలు అంటారని వివరించాను. "అయితే అమ్మ ఎప్పుడు పడుకుంటుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆరాధన నుంచి వచ్చీ రాగానే కోడికూర, వచ్చిన బంధువులకు టీ, ఆ తరవాత గిన్నెలు, మళ్లీ రాత్రి వంట. నా విశ్రాంతి అంతా ఆమె చాకిరీ మీద నిలబడి ఉంది.

నిర్గమకాండము 20లో ఈ ఆజ్ఞకు, దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజున విశ్రమించడం కారణంగా కనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండములో మాత్రం మీరు ఐగుప్తులో దాసులై ఉన్నారని జ్ఞాపకం చేసుకోమని ఉంది. దాసునికి తన రోజు తనది కాదు. అటువంటి బతుకు నుంచి విడిపించబడినవాడు తన ఇంట్లో మరొకరిని ఆ స్థితిలో ఉంచకూడదన్నది ఆ జాబితా ఉద్దేశమని నేను అర్థం చేసుకున్నాను. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను ఆరో రోజున రెండింతలు కూర్చుకున్నట్టు, ఇప్పుడు శనివారం సాయంత్రమే అందరం కలిసి పులిహోర, గోంగూర పచ్చడి చేసి పెట్టుకుంటున్నాం. మాంసం కూర శనివారం రాత్రికి మారింది. మొదట్లో ఒకరిద్దరు బంధువులు నొచ్చుకున్నారు, తరవాత అలవాటుపడ్డారు.

విశ్రాంతి దినం శనివారమా, ఆదివారమా అన్న చర్చలోకి నేను వెళ్లను. రోమా 14వ అధ్యాయం ఆ విషయంలో ఎవరి మనసులో వారిని రూఢిపరచుకోమంటుంది. ఆదివారం మీకు సేవాదినమైతే వారంలో మరో పూట ఎంచుకోండి. ఆలయంలో యాజకులు విశ్రాంతి దినాన పని చేసినా నిర్దోషులని ప్రభువే మత్తయి 12లో అన్నాడు. మీ సంఘకాపరికీ అలాంటి పూట ఉందో లేదో అడగండి. పాటల బృందాన్ని యువకులలో ఒకరికి నేర్పి అప్పగించే విషయం ఈ వారమే ఆయనతో మాట్లాడండి. మీరు ఒక్కరే ఇదంతా మోస్తున్నారని ఆయన గమనించి ఉండకపోవచ్చు, మా ఇంట్లో నేను గమనించనట్టే.