ఆరు లక్షలు పెట్టి మెరుగులు దిద్దితే ఫ్లాట్ అమ్ముడుపోతుందా?

ప్రశ్న: మియాపూర్‌లో 2014 ఆగస్టులో 1,450 చదరపు అడుగుల మూడు బెడ్‌రూంల ఫ్లాట్ కొన్నాం. రిజిస్ట్రేషన్‌తో కలిపి 50 లక్షలైంది. దానిమీద ఇంకా 18 లక్షల లోను ఉంది. 2025 ఏప్రిల్‌లో తెల్లాపూర్‌లో కొత్త ఫ్లాట్ రిజిస్టర్ చేయించుకుని మారిపోయాం. దీనికి 60 లక్షల లోను. పాతది 1.10 కోట్లకు అమ్మకానికి పెట్టి ఆరు నెలలైంది. చూసి వెళ్తున్నారే కానీ బేరం కుదరడం లేదు. మా బ్లాకులోనే అలాంటిదొకటి ఈమధ్య 94 లక్షలకు పోయింది. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, కొత్త టైల్స్ కలిపి ఆరు లక్షలు పెడితే మన ధర వస్తుందని ఏజెంటు అంటున్నారు. చేయించమంటారా? బాత్రూం పక్క గోడ పెచ్చులూడుతోంది కూడా.

జవాబు: ఆ గోడ బాగు చేయించండి. మిగతావి వద్దు. వంటగది ఎవరి అభిరుచి వారిది. మీరు మూడు లక్షలు పెట్టి వేయించిన కిచెన్‌ను కొన్నవాళ్లు మొదటి నెలలోనే పీకించవచ్చు. సీలింగు చూసి ఎవరూ ధర పెంచరు, చెమ్మ చూసి మాత్రం కచ్చితంగా తగ్గిస్తారు.

ముందు ధర సంగతి. పక్క ఫ్లాటు 94కి పోయాక 1.10 కోట్లన్నది మీ మనసులో ఉన్న ధరే. నేనైతే 93 లక్షలకు పెడతాను. ఆ అంకె వెనక ఒక లెక్క ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇంటి లోను 75 లక్షలు దాటితే బ్యాంకు ఇంటి విలువలో 75 శాతమే ఇవ్వగలదు. 75 లక్షలలోపైతే 80 శాతం దాకా ఇవ్వొచ్చు. 1.10 కోట్లకు కొనేవారికి లోను 82.5 లక్షలకు మించదు. మిగతా 27.5 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున ఎనిమిది లక్షల పైచిలుకు కలిపి దాదాపు 36 లక్షలు చేతిలో ఉండాలి. అదే 93 లక్షలకైతే 74.4 లక్షల లోను వస్తుంది. చేతి డబ్బు 26 లక్షల లోపే. ఆ పది లక్షల తేడా దగ్గరే చాలామంది ఉద్యోగులు వెనక్కి తగ్గుతారు. ఒక షరతు: బ్యాంకు తన వాల్యుయేషన్ మీదే లోను ఇస్తుంది. అందుకే ముందుగా బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వాల్యుయర్‌తో రిపోర్టు తీసుకోండి.

ఇక ఆలస్యం ఖరీదు. రెండు లోన్లూ 78 లక్షలు. వడ్డీ 8.25 శాతమనుకుంటే నెలకు 53 వేలు పైనే. అడుగుకు మూడు రూపాయల మెయింటెనెన్స్ కలిపితే 58 వేలు. గడిచిన ఆరు నెలలకే మూడున్నర లక్షలు. 93కి అమ్మి, బ్రోకరేజి ఒక శాతం, పాత లోను తీసేస్తే 74 లక్షలు మిగులుతాయి. కొత్త లోను మొత్తం తీర్చినా ఇంకా 14 ఉంటాయి.

పన్ను గడువును మీరు గమనించినట్టు లేరు. కొత్త ఇల్లు కొన్న ఏడాదిలోపు పాతది అమ్మితేనే లాభం మీద ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 54 మినహాయింపు దక్కుతుంది. అంటే గడువు 2026 ఏప్రిల్‌లో ముగుస్తుంది, జాగ్రత్తగా మార్చిలోగానే రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోవాలి. మీ లాభం సుమారు 42 లక్షలు, కొత్త ఇంటి ఖరీదు అంతకంటే ఎక్కువే కాబట్టి పన్ను సున్నా. గడువు దాటితే 12.5 శాతం చొప్పున సెస్సుతో 5.46 లక్షలు. 2024 జులై 23కు ముందు కొన్నారు కనుక పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో (ధరల సూచీ మేరకు కొన్న ఖరీదును పెంచి) 20 శాతం లెక్క కూడా వేసుకోవచ్చు. 2014-15 సూచీ 240. అమ్మిన ఏడాది సూచీ వాడాలి, అంచనాకు 2025-26ది 376 తీసుకుందాం. మీ 50 లక్షలు 78.33 లక్షలవుతాయి, పన్ను సుమారు 2.86 లక్షలకు దిగుతుంది. అయినా ఊరికే కట్టడమెందుకు?

గోడ దగ్గర పెయింటరు చెప్పే మాట వినొద్దు. పుట్టీ పెట్టి రంగేస్తే నెల తిరక్కుండానే ఉబ్బుతుంది, ఉప్పు పొడి రాలుతుంది. రెండోసారి చూడ్డానికి వచ్చినవాళ్లకు అది దొరికిపోతుంది. ముందు బాత్రూంలో నీళ్లు పోయే ఫ్లోర్ ట్రాపు మూసి, అంగుళం నీళ్లు నిలబెట్టి, 24 గంటలు చూడండి. కింది ఫ్లాటు సీలింగులోనో మీ గోడ అడుగునో తడి కనిపిస్తే ఫ్లోరు జాయింట్లలో లోపముంది. టైల్స్ మధ్య పాత గ్రౌటు గీకి ఎపాక్సీ నింపించండి. తడి నడుమెత్తున ఉంటే మాత్రం గోడలోని పైపు అనుమానించాలి. లీకు ఆగాక పాడైన ప్లాస్టరు ఇటుక దాకా చెక్కించి, మళ్లీ పూయించి, మూడు వారాలు ఆరనివ్వండి. తర్వాతే ప్రైమరు, రెండు పూతల లేత రంగు. కుళాయిల చుట్టూ బోరు నీటి తెల్ల మరకలు పోగొట్టడం, మెయిన్ డోర్ పాలిష్‌తో కలిపి లక్షన్నర దాటనివ్వకండి. ఈ ఖర్చును లాభంలోంచి మినహాయించుకోవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు. మరమ్మతును మామూలుగా ఒప్పుకోరు.

ఖాళీ ఇంట్లో ట్రాపుల్లోని నీరు ఎండి మురుగు వాసన, బొద్దింకలు పైకొస్తాయి. వారానికి రెండుసార్లు ప్రతి ట్రాపులో చెంబుడు నీళ్లు పోయించండి. తలుపు తీయగానే ఆ వాసన తగిలితే ఇక ఏం చూపించినా ఎక్కదు.

కాగితాల్లో కొత్త ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మంజూరైన ప్లాను, ఓసీ (నివాసయోగ్యతా పత్రం), అసోసియేషన్ నో డ్యూస్ పత్రం ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆస్తిపన్ను, కరెంటు మీటరు ఇంకా బిల్డరు పేరు మీదే ఉన్నాయేమో చూసుకోండి, ఇది చాలామందికి చివర్లో బయటపడుతుంది. పాత లోను బ్యాంకు నుంచి బాకీ వివరం, వారి దగ్గరున్న అసలు పత్రాల జాబితా ఇప్పుడే రాయించుకుంటే కొనేవారి బ్యాంకు దాన్ని నేరుగా తీర్చేస్తుంది. తీర్చిన 30 రోజుల్లో పత్రాలు ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు ఐదువేలు మీకు చెల్లించాలి. తనఖా రిలీజు రిజిస్టర్ అయ్యేదాకా ఈసీలో అప్పు కనిపిస్తూనే ఉంటుంది. అది మర్చిపోవద్దు.

కొంత నగదు ఇస్తామంటే వద్దనండి. 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. కొనేవారు ఒక శాతం టీడీఎస్ (మీ సొమ్ములోంచే పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తారు, రిటర్నులో సర్దుకోవచ్చు. మీ పాన్ ఆధార్‌తో లింకై ఉండాలి, లేకపోతే 20 శాతం కోయాల్సి వస్తుంది.

ధనుర్మాసం, మౌఢ్యమి రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు చాలామంది ముందుకు రారు, కాబట్టి అగ్రిమెంటు అంతకుముందే అయిపోతే మేలు. జనవరి నెలాఖరుకు అడ్వాన్సు అందకపోతే 90 లక్షలకు దించండి. మార్చి కూడా దాటితే, అమ్మిన ఆరు నెలల్లో ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి సంస్థల 54ఈసీ బాండ్లలో లాభం పెట్టి పన్ను తప్పించుకునే దారి ఉంటుంది. 50 లక్షలే పరిమితి, ఐదేళ్లు తీయడానికి వీల్లేదు. లోను తీర్చాల్సిన మీకు అది అంతగా కలిసిరాదు.