కట్టెల బాయిలరు పొగ తగ్గాలంటే ముందు కట్టె ఆరాలి

స్నానాల నీళ్లు కాచే కట్టెల బాయిలరు పొగ పక్కింటి పసిబిడ్డను దగ్గిస్తోంది, పొగగొట్టం ఎత్తు పెంచితే సరిపోతుందా అని మీరు అడిగారు. చాలదండి. తిరుపతిలో మా ఇంట్లో నేను మొదట చేసింది అదే. గొట్టాన్ని కప్పు దాటించాను. పక్కింటివారు ఊపిరి పీల్చుకున్నారు కానీ, వెనక వీధిలో ఉబ్బసం ఉన్న పెద్దాయన తెల్లవారేసరికి కిటికీలన్నీ మూసుకోవలసి వచ్చింది. ఆ సంగతి తెలిసిన రోజు చాలా బాధపడ్డాను.

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. మంట వేడి ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. కట్టె నుంచి వెలువడే వాయువులు అంటుకోకుండానే గొట్టంలోంచి పోతాయి. మనకు కనిపించే పొగ అదే. మామిడి కాపు అయ్యాక మన తోటల్లో కొమ్మలు కొట్టిస్తారు కదా, ఆ కట్టె ఆరేలోపే అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. నానిన కట్టెతోనే ధనుర్మాసంలోకి అడుగుపెడతాం. ఊళ్లో తెల్లవారుజామున నీళ్లు కాచుకునేదీ, చలికి గాలి కదలకుండా నేలను పట్టుకుని ఉండేదీ అప్పుడే. పొగ వీధుల్లోనే నిలిచిపోతుంది.

అందుకే నేను వచ్చే చలికాలపు కట్టెను ఎండలు ముదరకముందే కొంటాను. మణికట్టు లావున చీల్పించి, ఇటుకల మీద పేర్చి, పైన మాత్రమే రేకు కప్పుతాను. పక్కలు మూస్తే గాలి ఆడక బూజు పడుతుంది. బాగా ఆరిన కట్టెలు రెండింటిని తట్టితే ఖంగుమంటాయి, చివర్లు నెర్రెలిచ్చి ఉంటాయి. మంటలో చివర నురగ కడితే అది ఇంకా పచ్చిదే.

చుట్టూ చన్నీళ్లు ఉండటం వల్ల బాయిలరులో మంట మొదట్లో చల్లబడి పొగ ఎక్కువగా వస్తుంది. కొబ్బరి చిప్పలు, ఎండు చితుకులతో మంట బాగా లేపి, తర్వాత కట్టెలు ఒక్కొక్కటిగా వేయండి. నిండా కుక్కి వదిలేయకండి. బూడిద ఎప్పటికప్పుడు తీసి కింద గాలికి దారి ఉంచండి. ప్లాస్టిక్ కవర్లు, రంగు వేసిన చెక్క ఎప్పుడూ వేయవద్దు, ఆ పొగ ఇంకా విషం.

బాయిలరు స్నానాల గది లోపల ఉంటే ఇవాళే బయటికి మార్చండి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో ప్రాణం తీస్తుంది.

ఇవన్నీ చేసినా కంటికి కనబడని 2.5 మైక్రాన్లలోపు రేణువులు కొన్ని వస్తూనే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వాటికి 24 గంటల సగటున పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములే. అది చదివాకే మేము సౌర హీటరు పెట్టించాం. ఇప్పుడు మబ్బు పట్టిన రోజుల్లోనే బాయిలరు వెలిగిస్తున్నాం.

మీ దగ్గరున్నది పచ్చి కట్టె అయితే ఈ చలికాలానికి ఆరదు. ఈలోగా పాత ఎండు కట్టె కొనుక్కోండి, వీలైనంతవరకు ఎండ వచ్చాకే వెలిగించండి. ఆ బిడ్డ ఏ గదిలో పడుకుంటుందో పక్కింటివారిని అడిగి, గొట్టం మూతిని ఆ కిటికీకి దూరంగా తిప్పించండి.