యూరియా బస్తా దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

‘మన ఒంట్లో ఏముంది?’ అని నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి మామూలు పాఠకుడిలా పడక్కుర్చీలో కూర్చుని చదివాను, రెండో పేజీకి కునుకు పట్టింది. రెండోసారి ఎర్ర పెన్సిల్ పట్టుకుని చదివాను, నిద్ర ఎగిరిపోయింది.

నీ పట్టికలో ఆక్సిజన్ 65 శాతం, కర్బనం 18, హైడ్రోజన్ 10, నత్రజని 3, కాల్షియం ఒకటిన్నర, భాస్వరం ఒకటి. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. అయితే కిరాణా చీటీ చదివి వంట రుచి చెప్పగలవాళ్లు ఎవరున్నారు? పైగా ఆ చీటీ కింద “ప్రాణవాయువు కనుకనే ఒంట్లో అది అన్నిటికన్నా ఎక్కువ” అని ఒక వాక్యం రాశావు. అది తప్పు. ఆ ఆక్సిజన్‌లో చాలా భాగం నీటి రూపంలోనే ఉంది. మనం పీల్చే ఆక్సిజన్ కూడా కణాల్లోకి వెళ్లి, చివరికి హైడ్రోజన్‌తో కలిసి నీరే అవుతుంది. ఇంకొక సంగతి: నీ శాతాలు తూకం లెక్క. తూకం మానేసి తలలు లెక్కపెడితే, ఒంట్లో ప్రతి పది పరమాణువుల్లో ఆరు హైడ్రోజన్‌వే. ఏ లెక్కో చెప్పకుండా శాతం రాయకు.

నిజానికి నిన్ను తప్పుదారి పట్టించింది ‘ప్రాణవాయువు’ అనే ఆ పేరే. దాని అసలు పేరునూ నమ్మడానికి లేదు. ఆమ్లాలన్నిటికీ మూలం ఇదేనని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లవోయిజర్ అనుకున్నాడు, అందుకే దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. మనవాళ్లు దాన్ని ‘ఆమ్లజని’ చేసుకున్నారు. తీరా చూస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ ఊసే లేదు. ఆయనే నత్రజనికి ‘ప్రాణం లేనిది’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ ప్రాణం లేనిది లేకపోతే ఒక్క ప్రోటీను కూడా తయారుకాదు. పాత పేర్లను మనసారా వాడు, నాకూ అవంటే ఇష్టమే. వాటిని సాక్ష్యంగా మాత్రం పిలవకు.

అణువు, పరమాణువు కూడా నీ వ్యాసంలో మూడుచోట్ల తారుమారయ్యాయి. ఇందులో నేను నిన్ను తిట్టలేను. నా మొదటి వ్యాసంలో నేనూ ‘కర్బన అణువు’ అని రాసి, ఒక సైన్సు మాస్టారి చేత కార్డు ముక్క మీద చీవాట్లు తిన్నాను. ‘అణుబాంబు’ అని ఊరంతా అంటుంటే, పగిలేది పరమాణు కేంద్రకమని ఎవరికి గుర్తుంటుంది? ఒకటే అయితే పరమాణువు, కొన్ని జతకడితే అణువు. వ్యాసం మొదట్లోనే ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకు సాగు. పంచభూతాలతో మొదలుపెట్టిన పేరా మొత్తం కొట్టేశాను. అది అందమైన ఆలోచనే కానీ, దాని తర్వాత నువ్వు చెప్పబోయే విషయానికీ దానికీ చుట్టరికం లేదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలంటావా? మీ పొలం గట్టున ఉన్న యూరియా బస్తా దగ్గర. 45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైమాటే. అదే యూరియా మన మూత్రంలోనూ ఉంటుంది. జీవుల్లో పుట్టే పదార్థాలకు ఏదో జీవశక్తి కావాలని, గాజు కుప్పెలో అవి పుట్టవని పూర్వం చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు నమ్మేవారు. 1828లో బెర్లిన్‌లో వోలర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అమ్మోనియం సయనేట్ అనే లవణం తయారుచేయబోతే యూరియా వచ్చింది. మూత్రపిండంతో పనిలేకుండా, మనిషితోనూ కుక్కతోనూ పనిలేకుండా యూరియా చేయగలనని ఆయన తన గురువు బెర్జీలియస్‌కు ఉత్తరం రాశాడు. ఆ ఒక్క ప్రయోగంతో పాత నమ్మకం కూలిపోయిందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అంత తేలిగ్గా కూలలేదు, చాలా ఏళ్లు పట్టింది. నువ్వు ఆ తప్పు రాయకు.

ఇక్కడ ఆగి నీ పాఠకుడికి ఒకటి చూపించు. అమ్మోనియం సయనేట్‌లో ఒక కర్బనం, ఒక ఆక్సిజన్, రెండు నత్రజని, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. యూరియాలోనూ సరిగ్గా అవే, అన్నే. ఎనిమిదీ అవే అయినా, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది మారింది, పదార్థమే మారిపోయింది. నీ శాతాల పట్టిక ఈ తేడాను ఎప్పటికీ చెప్పలేదు. నా గొడవంతా దానితోనే.

భాస్వరాన్ని నువ్వు ఒక్క శాతమని ఒక్క వాక్యంలో తేల్చేశావు. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావుకు ఈ మాట వినిపిస్తే ఏమనేవారో! రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ఆయన, సహ పరిశోధకుడు ఫిస్క్ కలిసి అమెరికాలోని హార్వర్డ్‌లో రూపొందించి 1925లో ప్రకటించారు. కొలిచే చేయి కుదిరాక కండరాల మీదికి వెళ్లారు. 1927లో కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాల పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఒక అడెనిన్, ఒక చక్కెర, వాటి చివర మూడు ఫాస్ఫేట్లు (భాస్వరం, ఆక్సిజన్ కలిసిన గుంపులు), అంతే దాని స్వరూపం. ఆ అడెనిన్ డీఎన్ఏలో ‘ఎ’ అక్షరంగా మనకు పరిచయమైనదే. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఏటీపీ పావుకిలోకి మించదు. విరిగినదాన్ని మళ్లీ మళ్లీ అతికించుకుంటూ ఒక రోజులో మనం వాడే ఏటీపీని తూచగలిగితే, అది దాదాపు మన బరువంత తూగుతుంది. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని ‘భాస్వరం 1 శాతం’ అని దాటేస్తావా? మిగతా మూలకాలు నాలుగు వాక్యాల్లో అయిపోయినా పరవాలేదు, ఇక్కడ మాత్రం రెండు పేజీలు తీసుకో.

తిరగరాసి పంపేటప్పుడు చివరి పేజీలో ఇనుము లెక్క కూడా చూసుకో. పెద్దవాళ్ల ఒంట్లో 40 గ్రాములని రాశావు. ఉండేది సుమారు 4 గ్రాములే, ఒక చిన్న మేకుకు సరిపడేంత.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి