డొరొతీ పార్కర్ నవ్వులో అంత దిగులెందుకు?

అమెరికన్ రచయిత్రి డొరొతీ పార్కర్ చమత్కారంలో అంత చేదు ఎందుకుంటుందని, ఆమెను ఎక్కడ మొదలుపెట్టి చదవాలని మీరు అడిగారు. హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అది చేదు కాదు. ఎదుటివారి జాలి అడగకుండా దుఃఖం చెప్పుకునే పద్ధతి.

నాకు ఆ పద్ధతిని ఎరుక చేసింది జగిత్యాల దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్త. సద్దుల బతుకమ్మ నాటి పొద్దున ఆడవాళ్లందరూ అరుగు మీద కూర్చుని, గునుగు కొసలకు రంగులద్దుతూ, తంగేడు పూలను తాంబాళంలో వరుసలుగా పేరుస్తున్నారు. అత్తమ్మ ఒక్కగానొక్క కొడుకు దుబాయి పోయి అప్పటికి ఆరేళ్లు. ఆ వారమే ఊరివాళ్లెవరి చేతనో ఆమెకొక చేతిగడియారం పంపాడు. పక్కింటి కోడలు దాన్ని చూసి, "పెద్దమ్మా, కొడుకు మంచి గడియారమే పంపిండు" అంది. అత్తమ్మ పూల మీది నుంచి చూపు తిప్పకుండానే, "అవు బిడ్డా, ఎదురుచూసుట్ల లెక్క తప్పుతనేమోనని పంపిండు" అంది. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది, ఆ తర్వాత కాసేపు ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. అత్తమ్మ నవ్వలేదు, ఏడవలేదు, ఇంకో వరుస పేర్చింది.

1926లో వచ్చిన పార్కర్ మొదటి సంపుటిలో, చావు దారులన్నింటికీ ఒక్కో వంక పెట్టి చివరకు బతకడమే నయమని తేల్చే ఎనిమిది పాదాల కవిత ఉంది. ఆమె స్వయంగా ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషి అని తెలిసి చదివితే, చివరి పాదం దగ్గర మన నవ్వు కూడా ఆ అరుగు మీది నవ్వులాగే ఆగుతుంది.

అయినా న్యూయార్కు అల్గాంక్విన్ హోటల్లో భోజనాల బల్ల దగ్గర ఆమె విసిరిన మాటలనే జనం తిప్పితిప్పి చెప్పుకోవడం నాకు కోపం తెప్పిస్తుంది. సాకో, వాంజెటీ అనే ఇద్దరు ఇటలీ వలసజీవుల మరణశిక్షను వ్యతిరేకిస్తూ 1927లో బోస్టన్‌లో ఆమె అరెస్టయిందనీ, 1967లో చనిపోయేనాటికి తన ఆస్తిని మార్టిన్ లూథర్ కింగ్ పేర రాసిపెట్టిందనీ ఎవరూ తలచుకోరు. మన దగ్గరా అంతే. ఒక సాహిత్య సభలో, హాస్యం రాస్తారని పేరున్న ఒక పెద్దావిడను "ఇక కాసేపు హాయిగా నవ్వుకుందాం" అని పరిచయం చేశారు. భర్త పోయిన ఇంటి గురించి రాసుకొచ్చిన కథను ఆవిడ రెండు పేజీలు చదివి, కాగితాలు మడిచి కూర్చున్నారు.

కాబట్టి 1929లో ఓ. హెన్రీ బహుమతి పొందిన "బిగ్ బ్లాండ్" కథతో మొదలుపెట్టండి. అందులో హేజెల్ అనే స్త్రీ ఎప్పుడూ సరదాగా ఉండాలని చుట్టూ ఉన్న మగవాళ్లందరూ కోరుకుంటారు. ఆమె కన్నీళ్లు పెట్టుకుంటే వాళ్లకు విసుగు. ఆ అలసట తెలిశాక కవితలు తీయండి. ముందే తీస్తే నవ్వుకుని పక్కన పెట్టేస్తారు.