పడవ ఎవరిది? – ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం శుక్రవారం చేరింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు నీ టెన్షనే. మిగిలిన అరపేజీలో ఒక వాదన ఉంది. జవాబు ఆ అరపేజీకే రాస్తున్నాను.

జరిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. హాస్టల్లో నీ రూమ్మేట్ డైరీ రాసుకునేది. ఒక రాత్రి నీకు చదివి వినిపించింది. వాళ్ళ ఊరి చెరువు ఎండిపోయాక ఒడ్డున ఒరిగి పడి ఉన్న పడవని చూసి, "నీళ్ళ చప్పుడు వినిపిస్తుందేమోనని నేలకి చెవి ఆనించినట్టుంది" అని రాసుకుంది. మూడేళ్ళ తర్వాత నీ కవితలో పడవ నేలకి చెవి ఆనించింది. కవిత అచ్చయింది, బాగుందన్నారు, అందరూ ఆ లైనునే ఎత్తి చూపించారు. ఆ అమ్మాయి నీకు ఒకే ఒక్క మెసేజ్ పెట్టింది: "ఇవి నా మాటలు కదా?"

దానికి నువ్వు నాకు రాసిన సమాధానం: "మాస్టారూ, దాన్ని కవిత చేసింది నేను. డైరీలో ఉంటే ఎవరు చదివేవారు? ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ అంతటివాడే జర్మన్ల దగ్గర ఎత్తుకున్నాడు కదా. రొమాంటిక్ కవులందరూ చేసిందే కదా."

ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నదానివి, ఉదాహరణ బాగానే వెతుక్కున్నావు. కానీ ఆ కథ సగం దగ్గరే ఆపేశావు. మిగతా సగం నేను చెప్తాను.

కోల్‌రిడ్జ్ 1802 సెప్టెంబరులో లండన్ 'మార్నింగ్ పోస్ట్' పత్రికలో ఒక కవిత వేయించాడు. ఆల్ప్స్ పర్వతాల్లో షామొనీ లోయ, సూర్యోదయానికి ముందు మంచుకొండని చూసి పాడిన స్తోత్రం. దాని పైన ఆ లోయని కళ్ళారా చూసినట్టే ఒక పరిచయం కూడా రాశాడు. ఆయన షామొనీ ఎన్నడూ వెళ్ళలేదు. ఇంగ్లండులోనే స్కాఫెల్ కొండ మీద ఉండగా ఆ పాట తనంతట తానే పొంగుకొచ్చిందని ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. అసలు సంగతేమిటంటే, ఫ్రీడెరికె బ్రూన్ అనే కవయిత్రి జర్మన్‌లో అదే లోయ మీద, అదే సూర్యోదయం మీద ఇరవై లైన్ల కవిత రాసింది. కోల్‌రిడ్జ్ దాన్ని ఎనభై పైచిలుకు లైన్లకి పెంచాడు. ఆమె పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు.

1834 జులైలో కోల్‌రిడ్జ్ పోయాడు. కొద్ది వారాలకే డి క్విన్సీ అనే ఇంగ్లీషు వ్యాసకర్త ఒక పత్రికలో ఈ సంగతి బయటపెట్టాడు. ఆయన శత్రువు కాదు, కోల్‌రిడ్జ్‌ని ఆరాధించినవాడు. ఆయన చెప్పిన తీరు గమనించు. జర్మన్ కవితలో ఉన్నవి ఎండిన ఎముకలే, కోల్‌రిడ్జ్ వాటికి నిండు ప్రాణం పోశాడని ముందు మెచ్చుకున్నాడు. ఎత్తుకున్నందుకు పెద్దగా తప్పు పట్టలేదు. చెప్పకపోవడమే ఆయనకి మింగుడు పడలేదు.

నీకు సిలబస్‌లో ఈ తేడా చెప్పారో లేదో నాకు తెలియదు. ఆ కాలం వాళ్ళ లెక్క మన లెక్క కాదు. 1759లోనే ఎడ్వర్డ్ యంగ్ అనే ఇంగ్లీషు కవి స్వతంత్ర రచనని ఆకాశానికెత్తుతూ వ్యాసం రాశాడు. మొక్క వేరులోంచి పెరిగినట్టు కవిత కవిలోంచే పెరగాలన్నాడు. ఆ మాట అందరి నోళ్ళలో నానుతున్న రోజుల్లో కూడా, తీసుకున్నదాన్ని మెరుగుపరిస్తే లోకం కవిని మన్నించేది. అందరికీ తెలిసిన రచన నుంచి తీసుకుంటే విడిగా పేరు చెప్పనక్కర్లేదనేవారు, చదివేవాడు ఎలాగూ గుర్తుపడతాడు కాబట్టి. తెలిసి తీసుకుని, మెరుగుపరచకుండా, ఎవరికీ తెలియని చోటు నుంచి, పేరు చెప్పకుండా తెచ్చుకుంటేనే గట్టిగా దొంగతనం అనేవారు.

మనకి ఇది కొత్తేమీ కాదు. శ్రీహర్షుడి సంస్కృత నైషధాన్ని శ్రీనాథుడు తెలుగు చేస్తే, "నీ డు, ము, వు, లు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్" అని పండితులు దెప్పారని చెప్పుకుంటాం. ఆ దెప్పులో కూడా దొంగతనం మాట లేదు చూడు. శ్రీహర్షుడి పేరు అందరికీ తెలుసు, శ్రీనాథుడు దాచిందీ లేదు.

బ్రూన్ సంగతి అలాంటిది కాదు. ఇంగ్లండులో ఆమెని చదివినవాళ్ళు ఎంతమంది? మెరుగుపరిచాడు నిజమే, కానీ ఎవరూ గుర్తుపట్టలేని చోటు నుంచి తెచ్చాడు. పైగా నేనే చూశాను, నాకే పొంగింది అన్నాడు. ఆ కాలం కొలతతో కొలిచినా ఇది ఇరుక్కునే వ్యవహారమే. నీ రూమ్మేట్ డైరీ కూడా బ్రూన్ లాంటిదే. దాన్ని చదివింది మీ ఇద్దరే.

ఇంకొకటి చెప్పాలి, ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కోల్‌రిడ్జ్ 'క్రిస్టబెల్' అనే తన కావ్యం మొదటి భాగం 1797లో, రెండోది 1800లో రాశానన్నాడు. అచ్చులోకి వచ్చింది 1816లో. ఈ మధ్యలో చేతిరాత ప్రతి మిత్రుల చేతులు మారింది, జనం నోటికి వచ్చింది. ఎవరో చదువుతుంటే విన్న వాల్టర్ స్కాట్ ఆ నడకని పట్టుకుని 1805లో తన కావ్యం రాసి బ్రహ్మాండమైన పేరు తెచ్చుకున్నాడు. బైరన్ కావ్యంలోనూ దాన్ని పోలిన లైన్లు పడ్డాయి. బైరన్ ఆ పోలికని తన పుస్తకంలోనే నోట్‌గా ఒప్పుకున్నాడు, 'క్రిస్టబెల్' అచ్చు వేయమని కోల్‌రిడ్జ్‌ని పోరు పెట్టినవాళ్ళలో ఆయనా ఒకడు. చివరికి అచ్చయినప్పుడు కోల్‌రిడ్జ్ ముందుమాటలో ఆ తేదీలన్నీ వేసి, ఎందుకు వేస్తున్నాడో కూడా చెప్పాడు. తానే ఎవరినో అనుకరించాడన్న నింద పడకూడదని! తన నీళ్ళు ఇంకొకరి కాలవలో పారుతుంటే ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు.

మరుసటి ఏడాది, 1817లో, ఆయన సాహిత్య ఆత్మకథ వచ్చింది. అందులో జర్మన్ తత్వవేత్త షెల్లింగ్ రాసిన భాగాలు పేజీల కొద్దీ, దాదాపు మక్కీకి మక్కీ అనువాదంగా ఉన్నాయి. న్యాయంగా చెప్పాలంటే, షెల్లింగ్ భావాలతో పోలిక కనిపిస్తే అది ఆయనదే అనుకోండి, ప్రతిచోటా పేరు చెప్పలేదని నన్ను దొంగ అనకండి అని ఒకచోట రాశాడు. సత్యం ఎవరి నోట పలికితేనేం, వినిపిస్తే చాలు అని కూడా అన్నాడు. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నేను కరిగిపోయాను. తర్వాత, అదే మనిషి ఏడాది ముందు తన తేదీల కోసం ఎంత జాగ్రత్త పడ్డాడో గుర్తొచ్చింది. నోరు ఎవరిదైనా ఒకటే అయితే 1797 అని వేసుకోవడం ఎందుకు?

1840లో ఫెరియర్ అనే స్కాట్లండ్ తత్వవేత్త ఆ భాగాలన్నీ లెక్కతీసి పత్రికలో పెట్టాడు. ఆ తర్వాత ఆ భారం మోసింది కోల్‌రిడ్జ్ కూతురు సారా. భర్త మొదలుపెట్టిన పనిని ఆయన పోయాక తాను పూర్తి చేసి, 1847లో తండ్రి పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయించింది. తండ్రి తరఫున వాదించింది, కానీ దాచలేదు. షెల్లింగ్ మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో నోట్స్‌లో తానే చూపించింది. తండ్రి పుస్తకం ముందేసుకుని, ఇది నాన్నది, ఇది నాన్నది కాదు అని పేజీ పేజీకీ గుర్తు పెట్టుకుంటూ కూర్చున్న ఆ కూతురిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆయన ముప్ఫై ఏళ్ళ ముందే నాలుగు లైన్లు రాసి ఉంటే తప్పిపోయే పని అది.

నువ్వు ఎత్తిచూపిన కోల్‌రిడ్జ్ కథ అది. కానీ నీ విషయానికి అసలు సరిపోయేది ఆయన తోటి కవి వర్డ్స్‌వర్త్ కథ.

1802 ఏప్రిల్ 15. అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున అన్నా చెల్లెళ్ళు వర్డ్స్‌వర్త్, డొరొతీ నడిచి వస్తున్నారు. గాలి విపరీతంగా ఉంది. ఒడ్డు పొడుగునా డాఫడిల్ పూలు. డొరొతీ తన డైరీలో రాసుకుంది: నాచు పట్టిన రాళ్ళ మధ్య పూచాయి, కొన్ని అలసిపోయి దిండు మీద తల వాల్చినట్టు రాళ్ళ మీద తల వాల్చాయి, మిగిలినవి ఊగాయి, తూలాయి, ఆడాయి, సరస్సు మీంచి వచ్చే గాలితో కలిసి నవ్వుతున్నట్టున్నాయి. కొన్నేళ్ళకి అన్న కవిత రాశాడు. పూలు ఆడాయి, గాలికి తలలూపాయి. ఎత్తుగడ మాత్రం "మేఘంలా ఒంటరిగా తిరిగాను" అని. పక్కన చెల్లెలు ఉంది కదా! కవితలో లేదు. దిండు మీద తల వాల్చిన పూలు కూడా లేవు. నన్నడిగితే ఆ డైరీలో అన్నిటికన్నా గొప్ప ముక్క అదే, దాన్ని ఆయన వదిలేశాడు.

ఆ కవిత 1807లో రెండు సంపుటాల పుస్తకంలో వచ్చింది. అదే పుస్తకంలో పొలంలో ఒంటరిగా కోత కోస్తూ పాడే పిల్ల మీద కవిత ఉంది. దానికి మాత్రం నోట్ పెట్టాడు. ఒక మిత్రుడి స్కాట్లండ్ యాత్ర రాతప్రతిలోని ఒక అందమైన వాక్యం దీనికి మూలం, చివరి లైను అక్షరాలా అందులోదే అని. ఆ మిత్రుడు థామస్ విల్కిన్‌సన్. ఆ యాత్రాగ్రంథం అచ్చయింది 1824లో. అంటే నోట్ పెట్టకపోయినా అప్పటికి పట్టుకునేవాడెవడూ లేడు. అయినా పెట్టాడు. రెండు శతాబ్దాలు దాటాయి, ఆ నోట్ వల్ల ఆ కవితకి వీసమెత్తు విలువ తగ్గలేదు.

అదే పుస్తకంలో పిచ్చుక గూడు మీద ఇంకో కవితలో "ఆమె నాకు కళ్ళిచ్చింది, చెవులిచ్చింది" అని చెల్లెలి గురించి మనసారా రాశాడు. అక్కడ కూడా ఆమె పేరు డొరొతీ అని లేదు, ఎమ్మెలీన్ అని మార్చాడు. డాఫడిల్ కవితలో లోచూపు గురించిన రెండు లైన్లు తన భార్య మేరీవని తర్వాత ఆయనే చెప్పాడు. ప్రేమ లేక కాదు, కృతజ్ఞత లేకా కాదు. మిత్రుడి రాతప్రతి ఆయనకి 'రచన'గా కనిపించింది. చెల్లెలి డైరీ ఇంట్లో నీళ్ళలా, దీపంలా కనిపించింది. ఇంటి ఆడవాళ్ళ మాటలకి యజమాని ఉంటారన్న ఆలోచనే అప్పుడు లేదు. డొరొతీ 1855లో పోయింది. డైరీలు పుస్తకంగా వచ్చింది 1897లో. లోకానికి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు అప్పుడు బాగా దొరికింది.

కాపీరైట్ చట్టం సంగతి కూడా అడిగావు. చట్టం వీళ్ళకి అక్కరకొచ్చేది కాదు. 1710 నాటి ఇంగ్లండు చట్టం పుస్తకానికి 14 ఏళ్ళ హక్కు ఇచ్చింది, రచయిత బతికుంటే ఇంకో 14. 1842లో దాన్ని 42 ఏళ్ళకి, లేదా రచయిత పోయాక ఏడేళ్ళ వరకు, ఏది ఎక్కువైతే అంతకు పెంచారు. ఆ పెంపు కోసం పోరాడినవాళ్ళలో వర్డ్స్‌వర్త్ ముందున్నాడు, తన కవితలు తన పిల్లలకి అన్నం పెట్టాలన్నాడు. అందులో న్యాయం ఉంది. కానీ డైరీలోని మాట కవితలోకి నడిచి వస్తే ఆ చట్టంలో దానికి చోటెక్కడుంది?

ఇదంతా నీకు ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, నేను కూడా ఇది చేశాను. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు మా అక్క డాబా మీద వడియాలు పెడుతూ ఒక మాట చెప్పింది. నాన్న పోయాక ఆయన చొక్కాలు ఎవరికో ఇచ్చేయాల్సి వస్తే, అమ్మ రాత్రంతా కూర్చుని గుండీలన్నీ ఊడదీసి ఓవల్టీన్ డబ్బాలో పోసుకుందట. నేను ఊళ్ళో లేను, చూడలేదు. ఆ గుండీల డబ్బాతోనే నా కథ ముగిసింది. అచ్చయింది, బహుమతి వచ్చింది. అక్క కథ చదివి, పత్రిక మడిచి కిటికీలో పెట్టి, "బాగుందిరా" అంది. అంతే. ఆ తర్వాత నా దగ్గర అలాంటి మాటలు చెప్పడం మానేసింది. నేనొస్తే వంటల గురించి, పిల్లల ఫీజుల గురించి మాట్లాడేది. ఎందుకో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. కథల పుస్తకం రెండో ముద్రణలో ఆ కథ కింద అక్క పేరు వేశాను. అప్పటికి ఆమె లేదు.

నీ రూమ్మేట్ ఉంది. మెసేజ్ పెట్టిందంటే ఇంకా నీతో మాట్లాడాలనే ఉంది. "నేను దాన్ని బాగుచేశాను" అని మాత్రం ఆమెతో అనకు. నిజమే అయినా అనకు. ముందు ఫోన్ చెయ్, మెసేజ్‌లో కాదు. అవి నీ మాటలే, ఆ రాత్రి నువ్వు చదివితే విన్నాను అని చెప్పు. ఏం చేస్తే బాగుంటుందో ఆమెనే అడుగు. ఆ లైను తీసేయమంటే తీసెయ్, కవిత నిలబడుతుందో లేదో తర్వాత చూద్దాం. ఉంచమంటే ఆమె ఒప్పుకున్న పేరుతో కింద నోట్ రాయి: పడవ నేలకి చెవి ఆనించిన ఊహ ఫలానా వారి డైరీలోది అని. "ఒక మిత్రురాలి నుంచి" అని దాటేయకు, ఎమ్మెలీన్ అని మార్చకు. పత్రిక సంపాదకులకి రెండు లైన్ల ఉత్తరం రాయి, వచ్చే సంచికలో వేస్తారు.

చదవడం మానేయమంటారా అని కూడా అడిగావు. అస్సలు మానొద్దు. ఇంకా ఎక్కువ చదువు, ఇంకా ఎక్కువ విను. నోట్‌బుక్‌లో ఏదైనా ఎక్కించుకునేటప్పుడు మార్జిన్‌లో ఎవరు చెప్పారో, ఏ రోజో రాసి పెట్టుకో. మూడేళ్ళ తర్వాత ఏది విన్నదో ఏది మనకి తోచిందో మనకే తెలియదు. నువ్వు కావాలని చేయలేదని నేను నమ్ముతున్నది అందుకే.

ఇంకో చిన్న విషయం. ఆ డైరీలో అలాంటివి ఇంకా ఉన్నాయా? ఉంటే ఆమె రాస్తున్నదేమైనా నాకు పంపమని చెప్పు. అలా పడవని చూడగలిగిన పిల్ల రాతలు నేను చదవాలి.

ఆదివారం ఇంట్లోనే ఉంటాను. ఆమెతో మాట్లాడాక ఫోన్ చెయ్.

నీ మాస్టారు